ఇద్దరు దేవుళ్ళు, ఒక వెదురుబొంగు

ఇప్పటి పిల్లలకి సందేహం రావడమూ తీరడమూ ఒక్క నిమిషంలో అయిపోతాయి. ఫోను మీద వేలు అటూ ఇటూ తిప్పితే చాలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో (మరీ ముసలిదాన్నేం కాదు, పదిహేనేళ్ళ కిందటి మాట చెబుతున్నాను) జనరల్ నాలెడ్జి అనేది ఇటుకంత లావు పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం ఎవరి చంకలో ఉంటే వాళ్ళు మేధావులు. నేను బందరులో డిగ్రీ ముగించి, గుడివాడలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉంటూ గ్రూప్ పరీక్షలకి చదువుతున్న రోజులవి. ఆ పుస్తకంలో ప్రశ్న, దాని కింద జవాబు, మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు. మధ్యలో మనం ఆలోచించుకోవడానికి చోటుండేది కాదు, నాకా అవసరమూ కనిపించేది కాదు. గ్రీకుల మద్య దేవత ఎవరు? డయోనైసస్. అయిపోయింది. నాలుగు పేజీల తర్వాత, రోమన్ల మద్య దేవత ఎవరు? బాకస్. అదీ అయిపోయింది. అంచేత నా లెక్కలో వాళ్ళిద్దరూ వేరువేరు మనుషులు. ఒకడిది కల్లు దుకాణమైతే ఇంకొకడిది బ్రాందీ షాపు అన్నట్టు ఊహించుకుని, ఇద్దరికీ మధ్య కాస్త వ్యాపారపు పోటీ కూడా పెట్టేశాను.

పరీక్ష రాశాను, పోయింది. మళ్ళీ రాసేలోపు ఖాళీగా ఉండటమెందుకని మా పెద్దమ్మ నన్ను ఒక ఫంక్షన్ హాల్లో పనికి కుదిర్చింది. ఆ హాలు ఓనరు గారికి ముదినేపల్లి వైపు చేపల చెరువులుండేవి. ఎప్పుడో ఒకసారి వాళ్ళూరికి ప్రెసిడెంటుగా చేశారు. పదవి పోయి ఎంతకాలమైనా పిలుపు మాత్రం పోలేదు. అందరితో పాటు నేనూ ప్రెసిడెంటు గారనే పిలిచేదాన్ని. గుడివాడ ఊరి చివర కొత్తగా కట్టిన హాలు, ఇంకా రంగులు ఆరలేదు, మొదటి పెళ్ళి జరగలేదు. ఫోనెత్తడం, బుకింగు డైరీ రాయడం, పూలవాళ్ళతోనూ వంటవాళ్ళతోనూ మాట్లాడటం నా పని. గదిలో నాకొక టేబులు, టేబులు మీద నా జీకే పుస్తకం. (బుకింగు డైరీ దాని కింద ఉండేది. అది ముఖ్యం కాదు కదా.)

ఒకరోజు ప్రెసిడెంటు గారు హైదరాబాదులో ఏదో పెళ్ళికి వెళ్ళొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా గదిలోకి వచ్చేశారు. "అమ్మాయ్, అక్కడ హాలు గుమ్మంలో ఒక బొమ్మ చూశాను. రింగుల జుట్టు, తలకి ఆకులు, ఒక చేతిలో ద్రాక్షగుత్తి, ఇంకో చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. వాడెవడో గానీ, ఆ మొహంలో ఎంత సంతోషమో. పెళ్ళికొచ్చినోడికి ముందు కనపడాల్సింది అలాంటి మొహం. మన గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టిద్దాం. అయితే రెండూ ఒకటే కాకూడదు సుమా, తేడా ఉండాలి," అన్నారు. జీతమిచ్చే మనిషి నా సబ్జెక్టులోకి తనంతట తానే నడిచొస్తే నేనాగుతానా? "అలాంటివాళ్ళు ఇద్దరున్నారండీ. ఒకాయన గ్రీకు, ఒకాయన రోమన్," అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని, "నీకెలా తెలుసమ్మాయ్?" అన్నారు. "జీకే అండీ," అన్నాను వీలైనంత మామూలుగా. ఆ రోజు నుంచి ఆ హాల్లో నా పేరు జీకే అయిపోయింది.

"ఇంతకీ దేనికి దేవుళ్ళు వీళ్ళు?" అన్నారాయన. మద్యానికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ప్రెసిడెంటు గారు టీ కూడా సగం గ్లాసే తాగే మనిషి. మందు దేవుళ్ళంటే గుమ్మం మాట అటుంచి గేటు దాకా కూడా రానివ్వరు. అంతా చెడితే నా జీకే ఏం కాను? "ద్రాక్షపంటకండీ," అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు చూడండి, పంట తర్వాత జరిగేదాన్ని చెప్పలేదు, అంతే. ఆయన పొంగిపోయారు. చెరువులు తవ్వించక ముందు తాతల నాటి నుంచీ వరి పండించిన వాళ్ళు. "పంటల దేవుళ్ళా! ఇంకేం మరి," అని సెంటర్లో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. తెనాలి వైపు విగ్రహాలు చేసే శిల్పి గారొకాయన నంబరు సంపాదించి, ఆర్డరు నేనే నా గుండ్రటి దస్తూరితో రాసి పంపాను. ఒకటి, డయోనైసస్, గ్రీకు. రెండు, బాకస్, రోమన్. కింద నా సంతకం.

నెలన్నర తర్వాత లారీ వచ్చింది. గడ్డి విప్పి చూద్దుము కదా, రెండూ ఒకటే. అదే రింగుల జుట్టు, అదే ఆకులు, అదే బొజ్జ, అదే నవ్వు. ఎత్తిన కుడిచేతిలో అదే వైను గిన్నె. పాదాల దగ్గర మాత్రం తెలుగులో పేర్లు చెక్కించి పంపాడు మహానుభావుడు, ఒకదానికి డయోనైసస్, రెండోదానికి బాకస్. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫోను చేశాను. "ఏంటండీ ఇది? ఒకటే అచ్చులో పోసి ఇద్దరి పేర్లు రాసేస్తే మాకు తెలియదనుకున్నారా?" అన్నాను. అటువైపు ఆయన గొంతు చాలా నెమ్మది. "అమ్మా, మీరు రాసింది ఇద్దరు కాదు, ఒకడే. గ్రీకు వాళ్ళు ఒక పేరుతో పిలుస్తారు, రోమన్ వాళ్ళు ఒక పేరుతో. నేను ఫోను చేసి అడుగుదామనే అనుకున్నాను. చదువుకున్న పిల్ల, తెలిసే రాసిందేమోలే అని ఊరుకున్నాను." నేను తగ్గలేదు. "ఒకడెలా అవుతాడండీ? దేశాలు వేరు కదా!" అన్నాను. ఆయన అదే నెమ్మదితో, "రాముడికి తెనాలికి ఒక మొహం, గుడివాడకి ఒక మొహం చెయ్యను కదమ్మా," అన్నాడు. ఫోను పెట్టేసి పుస్తకం తెరిచి ఆ రెండు పేజీలూ మార్చి మార్చి చూశాను. ఇద్దరూ ఒకడేనని ఎక్కడా లేదు. ఒకడు కాదని కూడా లేదు.

ప్రెసిడెంటు గారు సాయంత్రం వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని అటు చూశారు, ఇటు చూశారు, మళ్ళీ అటు చూశారు. "జీకే, తేడా ఎక్కడుందమ్మా?" అన్నారు. "కవలలండీ," అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. ఆయన ఆ మాట నమ్మి, మేస్త్రీని పిలిపించి, గుమ్మానికి చెరోపక్కా సిమెంటు వేయించి ఇద్దర్నీ నిలబెట్టించేశారు. ఇక వాళ్ళు కదలరు. మా హాలు ఊడ్చి కడిగే ఆవిడ ఒకావిడ ఉండేది, అందరం అత్తా అనే పిలిచేవాళ్ళం. బందరు సముద్రపొడ్డు ఊరు ఆవిడది, ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని గుడివాడ వీధులన్నీ తిరిగిన మనిషి. మోకాళ్ళ నొప్పులొచ్చి మా దగ్గర చేరింది. ఆ తర్వాతి శుక్రవారం చూద్దును కదా, ఇద్దరి పాదాలకీ పసుపు రాసి, నుదుట బొట్టు కూడా పెట్టేసింది. "అత్తా, వాళ్ళు మన దేవుళ్ళు కారు," అన్నాను. "ఏ దేవుడైతే ఏంటి పాపా, గుమ్మంలో నిలబడ్డాడా లేదా," అంది చీపురు దులుపుకుంటూ.

ఇక్కడిదాకా జరిగింది నా డాబు గొడవ. పోతే నా పరువు పోయేది, దానిదేముంది. సరిగ్గా అప్పుడే మా అక్కకి సంబంధం కుదిరింది. మా నాన్న గురించి ఇక్కడ చెప్పాలి. మాది దివిసీమలో అవనిగడ్డ దగ్గర చిన్న ఊరు, మూడు తరాల నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. మా నాన్న మంచి వడ్రంగి, అంతకంటే మంచి మనిషి, కానీ నా చిన్నప్పుడు తాగేవాడు. మామూలుగా కాదు. అక్కా నేనూ బడి నుంచి వస్తూ దారిలో ఆయన కనపడితే వేరే వీధిలోంచి తిరిగి వెళ్ళేవాళ్ళం. తర్వాత మానేశాడు. ఏ మందూ వాడలేదు, ఏ ఒట్టూ వెయ్యలేదు, ఒకరోజు మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. అప్పటికి తొమ్మిదేళ్ళు. అయినా మా ఊళ్ళో ఆయన పేరుకి ముందు తగిలించిన మాట మాత్రం ఊడలేదు. అక్కకి వచ్చిన రెండు సంబంధాలు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి.

మూడోది బందరు సంబంధం. పెళ్ళికొడుకు తండ్రి హైస్కూల్లో మాస్టారుగా రిటైరయ్యారు. తెల్లబట్టలు, పొడవాటి గొడుగు. కృష్ణా జిల్లాలో తాగుడు మానిపించే మీటింగు ఎక్కడ పెట్టినా ఆయన మాట్లాడాల్సిందేనట. అది వినగానే ఇదీ పోయిందనుకున్నాం. కానీ మా నాన్న పెళ్ళిచూపుల రోజున కాఫీ కప్పు కింద పెట్టి, ఎవరూ అడక్కముందే, "మాస్టారండీ, నేను తాగినవాణ్ణి. తొమ్మిదేళ్ళయింది మాని. మీకు వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలనిపించింది," అన్నాడు. నేను తలుపు వెనకాల ఉన్నాను, అక్క చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. మాస్టారు తన కప్పులో కాఫీ పూర్తి చేశారు. తర్వాత "ఆలోచించుకుని కబురు చేస్తాను," అన్నారు. వారానికి కబురొచ్చింది, సరేనని. ప్రెసిడెంటు గారు ఆ మాట విని, "మన జీకే వాళ్ళ అక్క పెళ్ళే మన హాల్లో మొదటి పెళ్ళి. అద్దె మాటెత్తావంటే ఊరుకోను," అన్నారు. మా నాన్న దండం పెట్టాడాయనకి. నేను మాత్రం కిటికీలోంచి గుమ్మం వైపు చూశాను. ఇద్దరూ గిన్నెలెత్తి నవ్వుతున్నారు.

చెప్పొచ్చు కదా అంటారు. రోజూ చెబుదామనుకునేదాన్ని. రోజూ రేపు చెబుదామనిపించేది. ఇంకా నాలుగు రోజుల్లో పెళ్ళనగా, భోజనాల మాట మాట్లాడటానికి మా నాన్న గుడివాడ వచ్చాడు. పదకొండింటికి ఆయన ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి, "బందరు నుంచి మాస్టారు బావగారమ్మా. గుమ్మంలో ద్రాక్షపళ్ళతో రెండు బొమ్మలున్నాయని చెప్పాను. ఎవరివని అడిగారు, పేర్లు నోరు తిరగలేదు నాకు. ఘంటసాలలో ఏదో పని చూసుకుని ఇటే వస్తున్నారట, ఒకసారి చూసి వెళ్తానన్నారు. రెండింటికల్లా వస్తారు," అన్నాడు. ప్రెసిడెంటు గారు కూడా అక్కడే ఉన్నారు. ఇక దాచి లాభం లేదని నిలబడి మొత్తం చెప్పేశాను. అవి పంటల దేవుళ్ళు కావనీ, మందు దేవుళ్ళనీ, ఇద్దరు కాదు ఒకడేననీ, కవలలన్నది నా కల్పన అనీ.

ప్రెసిడెంటు గారు కుర్చీలో వెనక్కి వాలి, "సెంటర్లో ఎంతమందికి చెప్పానమ్మాయ్," అన్నారు గానీ, ఆ తర్వాత నా మొహం చూసి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. మా నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తొమ్మిదేళ్ళమ్మా," అన్నాడు. "నా కూతురు పెళ్ళి గుమ్మంలో తాగుబోతుల దేవుడు. నేనే పెట్టించాననుకుంటారు." ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు నాకు తెలుసు, మానేసిన కొత్తలో ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ నా తెలివితేటల వల్ల వచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

బొమ్మలు పీకించాలంటే సిమెంటు, మూడు గంటల్లో అయ్యే పని కాదు. గుడ్డలు కప్పి చూశాం. ఎవరో మంత్రి గారు వచ్చి ఆవిష్కరించబోయే విగ్రహాల్లా తయారయ్యాయి, ఇంకా ఎక్కువ కనపడుతున్నాయి. అత్త బకెట్టు పక్కన పెట్టి, ఇదంతా చూస్తూ నిలబడింది. "ఆ చేతిలో గిన్నె కనపడకూడదు, అంతేనా?" అంది. "అంతేనత్తా." ఆవిడ తలొంచి అటూ ఇటూ చూసి, "మా ఆయనా, మా మరిదీ తడిసిన వల ఒడ్డుకి తెచ్చేటప్పుడు ఇలాగే ఉంటారు పాపా. తడిస్తే వల ఒక్కడు మొయ్యలేడు. బొంగుకి వేలాడదీసి ఇద్దరు భుజాలకెత్తుకుంటారు, ఇదిగో ఇలా ఒక చెయ్యి పైకెత్తి బొంగు పట్టుకుంటారు. ఇద్దరికీ ఒక బొంగు ఇచ్చెయ్యండి. ఖాళీ చేతులుంటే గిన్నె అనుకుంటారు గానీ, పనిలో ఉన్నోణ్ణి ఎవరు చూస్తారు?" అంది.

ఇద్దరు మనుషులు, భుజాల మీద బొంగు. నాకు ఒక్కసారిగా మా ఊరి సండే స్కూలు గోడ కనపడింది. ఆ గోడకి ఒక పాత రంగుల బొమ్మ ఉండేది. బైబిల్లో, కనాను దేశం ఎలా ఉందో చూసి రమ్మని పన్నెండు మంది వేగులవాళ్ళని పంపిస్తే, అక్కడి నేల ఎంత సారవంతమో చూపించడానికి ఒక్క ద్రాక్షగెలని దండెకి (మోసే బొంగుకి) కట్టి ఇద్దరు మోసుకొచ్చిన కథ. చిన్నప్పుడు ఆ గెల పరిమాణం చూసి నోరూరేది. "ద్రాక్షగెల!" అని నేను అరిచిన అరుపుకి ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెప్పాను. మా నాన్న మొహంలో మొదటిసారి కదలిక వచ్చింది. లేచి షామియానా బొంగుల్లోంచి ఒక పొడవాటి వెదురుబొంగు ఏరి, కణుపులు నున్నగా చెక్కాడు. పని చేతిలోకి వస్తే ఆయన చేతులు వణకవు.

మరి మనిషంత ద్రాక్షగెల ఎక్కడ్నుంచి తేవాలి? పుట్టినరోజు పార్టీలకి అలంకరించే కుర్రాళ్ళ దగ్గర ఊదారంగు బెలూన్లు దొరికాయి. ప్రెసిడెంటు గారు, నేను, వాచ్‌మేను, ముగ్గురం బుగ్గలు నొప్పెట్టేలా ఊదాం. (చెరువుల మీద అంత పేరున్న మనిషి నేల మీద బాసింపట్టు వేసుకుని బెలూన్లు ఊదుతుంటే చూడాలి.) అత్త తన మెళ్ళో తువ్వాలు ఒకటి, వాచ్‌మేను తువ్వాలు ఒకటి తీసుకుని గిన్నెలు కనపడకుండా ఎత్తిన చేతులకి చుట్టి, బొంగుని భుజాల మీదుగా వేసి కట్టేసింది. మధ్యలో గెల వేలాడింది. పాదాల దగ్గర పేర్లకి అడ్డంగా బంతిపూల కుండీలు పెట్టాం. నుదుటి బొట్లు చెరిపేద్దామంటే మాత్రం అత్త ఒప్పుకోలేదు, కొంగుతో కాస్త అద్ది పలచన చేసింది. సరిగ్గా రెండు గంటలకి గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు గొడుగు దిగింది, తర్వాత మాస్టారు దిగారు.

ఆయన గుమ్మం ముందు నిలబడి, గొడుగు ముడిచి, దాని మీద రెండు చేతులూ ఆనించి తలెత్తి చూశారు. చూస్తూనే ఉన్నారు. మా నాన్న పక్కన నిలబడ్డాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. "ఎవరమ్మా వీళ్ళు?" అన్నారు మాస్టారు నాతో. "కనాను వేగులవాళ్ళండీ. ద్రాక్షగెల తెచ్చిన ఇద్దరు," అన్నాను. "ఊఁ," అన్నారు. "ఇద్దరూ అచ్చం ఒకే పోలికగా ఉన్నారే?" అన్నారు. కవలలన్న మాట ఈసారి పనికిరాదు. "ఎడారిలో నలభై ఏళ్ళు కలిసి తిరిగారు కదండీ, పోలికలు వచ్చేసి ఉంటాయి," అన్నాను. "ఆ నలభై ఏళ్ళూ గెల తెచ్చిన తర్వాత కదమ్మా," అన్నారాయన. నిజమే. సండే స్కూల్లో నాకు ప్రైజు కూడా వచ్చింది, ఏం లాభం. "మరి తలకి ఆ ఆకులు?" అంటే అత్త అందుకుంది, "ఎండకండీ." "బరువు మోసేవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుస్తారు కదా, వీళ్ళు పక్కపక్కన నిలబడ్డారేం?" అన్నారు. "ఫోటో కోసం ఆగారండీ," అంది అత్త ఏమాత్రం తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడు ఎండ వేడికి ఒక ద్రాక్షపండు ఢామ్మని పేలింది. ప్రెసిడెంటు గారు ఎగిరి పడ్డారు. మా నాన్న నా భుజం పట్టుకున్నాడు, ఆ పట్టులో వణుకంతా నాకు తెలిసింది. మాస్టారు మాత్రం కదల్లేదు. నెమ్మదిగా ఎడమవైపు బొమ్మ దగ్గరికి వెళ్ళి, గొడుగు నాకిచ్చి, మునివేళ్ళ మీద లేచి, దాని చేతికున్న తువ్వాలు కొసని లోపలికి దోపారు. బొంగుని కాస్త ఇటు జరిపారు. "ఈ అబ్బాయి భుజం మీద సరిగ్గా ఆనలేదు, గాలికి జారుతుంది," అని చేతులు దులుపుకున్నారు. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "బాగుంది బావగారూ. పెళ్ళి దాకా ఇలాగే ఉంచండి. పదండి, భోజనాల మాట చూద్దాం," అన్నారు. మాస్టారికి ఎంత శుభ్రమో, తువ్వాలు కొస కూడా వేలాడనివ్వరు అనుకున్నాను నేను, అంతకంటే తెలివి లేక.

పెళ్ళి గుడివాడ చర్చిలో జరిగింది, భోజనాలు మా హాల్లో. గెల పాడవకుండా నేనూ అత్తా పొద్దున్నే కొత్త బెలూన్లు కట్టాం. అందరూ తింటూ ఉండగా పాస్టరు గారు పెళ్ళికొడుకు తండ్రిని రెండు మాటలు చెప్పమన్నారు. మాస్టారు మైకు దగ్గరికి వచ్చి గుమ్మం వైపు చెయ్యి చూపించారు. నా చేతిలో అరిటాకుల కట్ట ఉంది, అది అలాగే పట్టుకుని నిలబడిపోయాను. "వెళ్ళినవాళ్ళు పన్నెండుమంది," అన్నారాయన. "పదిమంది తిరిగొచ్చి చెడ్డ మాట చెప్పారు. ఇద్దరే మంచి మాట చెప్పారు. ఈ సంబంధం వచ్చాక నాకూ మా వియ్యంకుడు గారి గురించి పదిమంది చెప్పారు. ఇద్దరే మంచి చెప్పారు. వాళ్ళ ఊరి పాస్టరు గారొకరు. రెండోవారు ఎవరంటే, తన చెడ్డ మాట తనే ముందు చెప్పుకున్న మా వియ్యంకుడు గారు. నేను ఆ ఇద్దరి మాటే విన్నాను. నేను పెట్టే ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు మానగలరని చెబుతుంటాను. మానినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే భాగ్యం ఇన్నాళ్ళకి దొరికింది." అంతే చెప్పి వచ్చి మా నాన్న పక్కనే విస్తరి ముందు కూర్చున్నారు. మా నాన్న కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు, సాంబారు కారంగా ఉందని అందరికీ చెబుతున్నాడు. (ఇంకా సాంబారు వడ్డించలేదు.) ఆ తర్వాత మా ఊళ్ళో ఆయన పేరు ముందున్న మాట ఎప్పుడు ఊడిపోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆ బొంగు ఇప్పటికీ ఉంది. ప్రెసిడెంటు గారు తర్వాత ఫైబరుతో పెద్ద గెల చేయించి శాశ్వతంగా బిగించేశారు. నందివాడ నుంచీ నాగాయలంక నుంచీ వచ్చిన పెళ్ళిజంటలు, ఏ మతం వాళ్ళైనా సరే, ఆ గెల కింద నిలబడి ఫోటో దిగుతారు. అత్త ఉన్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టింది. నేను గ్రూప్ పరీక్ష ఇంకో రెండుసార్లు పోగొట్టుకుని, చివరికి బందరులో ఒక ఆఫీసులో స్థిరపడ్డాను. అక్క మావగారు కాబట్టి మాస్టారు నాకిప్పుడు మావయ్య గారు, వాళ్ళింటికి ఆదివారం చర్చి తర్వాత వెళ్ళి లడ్డూ తిని రావడం అలవాటు.

పోయిన నెల అలాగే వెళ్ళాను. మా అక్క కూతురికి బళ్ళో క్విజ్ పోటీ ఉందట, అదే లావు పుస్తకం కొత్త అట్టతో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తాతయ్యా, గ్రీకుల వైన్ గాడ్ ఎవరు?" అంది. మావయ్య గారు పేపరు దించి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "మీ పిన్నిని అడుగు. ఆవిడకి ఇద్దరూ బాగా తెలుసు. ఒకడి భుజం మీద బొంగు నేనే సర్దాను," అన్నారు.

నా చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది. "మీకు తెలుసా అండీ?" అన్నాను. "ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పానమ్మా, గ్రీసూ రోమూ నాకు మా వీధిలాంటివి," అన్నారాయన. (ఆయనది ఏ సబ్జెక్టో అన్నేళ్ళలో నేనొక్కసారి అడగలేదు. గొంతు విని తెలుగు మాస్టారనుకున్నాను.) "ఆ రోజు ఘంటసాలలో మా పాత బడి పిల్లలకి స్తూపం చూపించి, రోమను ఓడలు మన రేవులకి వచ్చేవని చెప్పి, గుడివాడ వచ్చాను. చూస్తే వాళ్ళ దేవుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అదీ ఇద్దరుగా. తువ్వాలు జారి గిన్నె అంచు కనపడుతోంది," అని నవ్వారు. "మరి అప్పుడే అనలేదేమండీ?" అన్నాను. నవ్వు ఆపి, పేపరు మడతపెట్టి పక్కన పెట్టారు. "అనేవాణ్ణేనమ్మా. కానీ మీ నాన్నగారి చేతులు వణుకుతున్నాయి. వెనక్కి పెట్టుకున్నా కనపడుతూనే ఉన్నాయి. తాగి వణికే చేతులు చాలా చూశాను, భయపడి వణికే చేతులు అవి. ఆ వణుకు ఆగాలంటే నాకేమీ తెలియకూడదు."

ఎందుకో ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చింది, ఇటుకంత పుస్తకం టేబులు మీద పెట్టుకుని ప్రపంచమంతా తనకే తెలుసని కూర్చున్న పిల్ల. ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ తెలియనితనాన్ని ఎంతమంది భుజాల మీద మోశారో అనిపించింది.

ఈలోపు మా అక్క కూతురు విసుక్కుంది. "చెప్పు పిన్నీ, డయోనైససూ బాకసూ ఒకడేనా, ఇద్దరా?"

"ఒకడేనే," అన్నాను. "మీ అమ్మ పెళ్ళికి మాత్రం ఇద్దరొచ్చారు."